చిత్రం, నాలుగువేల నాలుగువందల డెబ్బై ఒకటి

కాస్త్రో ఊళ్లో గ్రంథాలయం కింద, బాయిలరు గది పక్కన
మంగళవారం సాయంత్రాలు మాకు పాఠం.
పద్దెనిమిదేళ్లు సాల్మన్ ఫ్యాక్టరీలో
ముళ్లు ఏరిన చేతులు నావి,
ఇప్పుడు కోణపు బ్రాకెట్లు ఏరుతున్నాయి.
ఒక్కటి మూయడం మరిచానా, పేజీ మొత్తం ఒరిగిపోతుంది,
ఒక్క ముల్లుకి పెట్టె పెట్టే వెనక్కొచ్చినట్టు.

నా మొదటి పేజీ విత్తనపు బంగాళాదుంపలది.
మా చిలోయె దీవిలో దుంపదుంపకీ ఒక పేరుంది.
పన్నెండు రకాలు, పన్నెండు ఫొటోలు, పక్కన ధరలు.
తెల్లటి నేల మీద లేత బూడిద అక్షరాలు,
ఎంత నాజూకో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.
వెడల్పు తొమ్మిదివందల అరవై పిక్సెళ్లు,
అంగుళం వంగదు, అంగుళం జరగదు.

మా వదిన ఓర్ఫెలీనా పడవ మీంచి ఫోన్ చేసింది,
నెత్తి మీద ఎండ, చేతిలో పగిలిన ఫోను:
"తెల్లకాగితం పంపావేమే?"
నీడలోకి వెళ్లి మళ్లీ చేసింది:
"ధరలేవీ? ఊరికే ఇస్తున్నావనుకుని
ముగ్గురు బస్తాలు పట్టుకుని బయల్దేరారు."
ధరల వరుస తెర కుడి అంచు దాటి
ఎప్పుడో నీళ్లలో పడిపోయింది.

అది చిన్న సిగ్గు. పెద్దది వెనకాల వచ్చింది.

ఎలియాసర్ రెమోల్‌కోయ్, పడవలకి తాళ్లు కట్టినవాడు,
చూపు పోయి తొమ్మిదేళ్లు.
పాఠానికి కాదు, బాయిలరు వెచ్చదనానికి వస్తాడు.
నా పేజీని చెవి దగ్గర పెట్టుకున్నాడు.
ఫోను చదివింది:
చిత్రం. ఐ ఎం జి. నాలుగువేల నాలుగువందల డెబ్బై ఒకటి.
చిత్రం. ఐ ఎం జి. నాలుగువేల నాలుగువందల డెబ్బై రెండు.
లింకు. ఇక్కడ నొక్కండి.
లింకు. ఇక్కడ నొక్కండి.

"ఇక్కడంటే ఎక్కడ?" అన్నాడు.
కాసేపాగి, చాలా మర్యాదగా,
"నాలుగువేల రకాలు పండిస్తున్నావా తల్లీ?"

మా టీచరు ఫ్రేసియాకి ఇరవై మూడేళ్లు. నవ్వలేదు.
"బొమ్మకి బదులు మాట రాయి" అంది, అంతే.
రాశాను: అందమైన ఊదారంగు దుంప.
చెరిపించింది.

మరుసటి మంగళవారం బస్తా మోసుకెళ్లి
ఆయన ముందు బల్ల మీద కుమ్మరించాను.
ఒక్కోటీ తడిమి చెప్పాడు, నేను టైపు చేశాను.
"ఇది మిచూన్యె. చిటికెన వేలంత, కణుపులు కణుపులుగా.
తొక్క తీయకు, ఉడకబెట్టు.
ఇది బ్రూహ. మంత్రగత్తె ముక్కు. లోపల కూడా నలుపే, నాకు గుర్తే.
ఇది తెడ్డు పిడిలా అరిగి నున్నగా ఉంది, వేపుడుకి పనికిరాదు."

పన్నెండోది చేతికొచ్చాక ఆగాడు.
వాసన చూశాడు, గోటితో గీకాడు.
"ఇది మన మట్టి కాదు."

కాదు. నిజమే.
పదకొండు బొమ్మలతో చివరి వరుస బోసిగా ఉందని
పెద్ద ఊరి సూపర్‌మార్కెట్లో కొని కడిగి పెట్టాను.
ఫొటోలో ఒక్కరూ పట్టుకోలేదు.
ఫ్రేసియా కిటికీకేసి చూసింది.
నేను పన్నెండో బొమ్మ తీసేశాను.

ఆ వారమంతా వంటింటి బల్ల మీద పని.
అక్షరాలు బొగ్గంత నలుపు చేశాను.
ఇరుకు తెరలో పట్టిక విడిపోయి
దుంప కింద దాని ధర, ధర కింద తర్వాతి దుంప,
వలలోంచి ఒక్కటొక్కటే జారినట్టు.
ఆర్డరు బటను మాత్రం కీబోర్డుకి ఇంకా అందడంలేదు.
ఎందుకో తెలియదు. అడగాలి.

ఒక్కటి మిగిలింది: పేర్లన్నీ
ఫోను దొరసానిలా పలుకుతోంది, బ్రూహని బ్రూజా అంటోంది.
ఎక్కడో తెచ్చి అతికించిన నమూనాలో, మొట్టమొదటి వరుసలో,
ఈ పేజీ ఇంగ్లిషు అని రాసుంది. నేను చూడనే లేదు.
రెండక్షరాలు మార్చాను.

ఎలియాసర్ మొదటి నుంచి చివరిదాకా విన్నాడు,
మధ్యలో ఒకసారి తలూపాడు.
బాయిలరు గుర్రుమంది.
ఫోను జేబులో పెట్టుకుంటూ అన్నాడు:
"మిచూన్యె కిలో అంత చెబుతావా?
తగ్గించు."